సడలిన చర్మం... సడలని ధర్మం

ఇటీవల ఒక కార్తిక సోమవారం నాడు అభిషేకం ముగిసి, భక్తులందరూ వెళ్ళిపోయిన తరువాత, ఒక అత్తగారు, ఆమె కోడలు మండపంలో మిగిలిపోయారు. మా పిట్టలవానిపాలెం పరిసరాల వ్యవసాయ కుటుంబమే. కోడలు ఒకప్పుడు స్థూలకాయంతో, మధుమేహంతో బాధపడి, వైద్యుల సలహాపై ఉదరకోశానికి శస్త్రచికిత్స చేయించుకొని రెండేళ్ళలో 45 కిలోలు తగ్గింది. బరువైతే తగ్గింది గాని, సాగిన చర్మం వెనక్కి పోలేదు. పొట్ట మీద చర్మం తొడల దాకా వేలాడుతోంది. మడతల్లో చెమట చేరి ఎండాకాలం పుండ్లు పడుతున్నాయి. ఆ చర్మాన్ని తొలగించవచ్చునని వైద్యులు చెప్పారట.

"పంతులుగారూ, దేవుడిచ్చిన ఒంటిని కోయించుకోవడం పాపం కాదా?" అని అత్తగారు అడిగారు. కోడలు తలవంచుకొని నిలబడింది.

ఈ సందేహం ఆ ఒక్క ఇంటిది కాదు. కనుక నాకు తెలిసినంతలో నలుగురికీ విన్నవిస్తున్నాను.

రోగికి మేలు చేసే కత్తిని మన పూర్వులు ఎన్నడూ నిందించలేదు. సుశ్రుత సంహితలోని శారీరస్థానం చర్మాన్ని అవభాసిని మొదలు మాంసధర వరకు ఏడు పొరలుగా లెక్కించింది. శస్త్రకర్మలను ఎనిమిది విధాలుగా విభజించి, ఛేద్యాన్ని, సీవ్యాన్ని, అంటే కోయడాన్నీ కుట్టడాన్నీ, వాటిలో చేర్చింది. తెగిన ముక్కును, చెవి తమ్మెను సరిచేసే విధానం కూడా అందులో ఉంది. అటువంటి ముక్కు చికిత్స పుణె ప్రాంతంలో జరిగిన తీరు 1794లో లండన్ పత్రిక ‘జెంటిల్మన్స్ మ్యాగజీన్’లో అచ్చయింది. దానిని చదివి జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్ల వైద్యుడు 1814లో అక్కడ ఆ చికిత్స చేశాడు. నేటి వైద్యమంతా మన గ్రంథాల్లోనే ఉన్నదని నేను అనను. దేహాన్ని బాగుచేయడం దైవధిక్కారమని మాత్రం మన ఋషులు తలచలేదు.

ఆలయ ధర్మమే చూడండి. మూలమూర్తిని పీఠానికి బిగించే అష్టబంధనం కాలక్రమాన సడలుతుంది. అప్పుడు స్వామివారి శక్తిని బాలాలయంలోకి ఆవాహన చేసి, పాత బంధనాన్ని తొలగించి, కొత్తది వేసి సంప్రోక్షణ చేస్తాము. తిరుమలలో పన్నెండేళ్ళకొకసారి జరిగే ఈ క్రతువు 2018 ఆగస్టులో జరిగింది. దానిని అపచారమని భక్తులు అనుకోలేదు. అయితే, నిత్యాభిషేకాలతో నునుపెక్కిన మూర్తి ముఖాన్ని కొత్తగా కనిపించాలని మళ్ళీ ఉలితో చెక్కించము. ఆ అరుగుదల తరతరాల అర్చనకు ఆనవాలు. సడలినదాన్ని బిగించడం వేరు, గడిచిన కాలాన్ని చెరిపివేయబూనడం వేరు.

"ఆసనాలు వేస్తే పోయేదానికి కత్తి ఎందుకు?" అని కొందరు ఆ కోడలిని ఎత్తిపొడిచారట. అది అన్యాయం. చర్మానికి బిగువునిచ్చేవి కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు. ఏళ్ళ తరబడి సాగి దెబ్బతిన్న తరువాత అవి తిరిగి ముడుచుకోలేవు. వ్యాయామం కండరాన్ని గట్టిపరుస్తుంది గాని, అంతగా వేలాడే చర్మాన్ని పైకి లాగలేదు.

అలాగని ఈ చికిత్స తేలికైనదీ కాదు. మత్తు ఇచ్చి, పొత్తికడుపు మీద అడ్డంగా కోసి, అదనపు చర్మాన్నీ కొవ్వునూ తీసి కుడతారు. తుంటి నుండి తుంటి వరకు మచ్చ జీవితాంతం నిలుస్తుంది. రక్తస్రావం, చీము పట్టడం, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. బరువు కొన్ని నెలలపాటు నిలకడగా ఉండాలి, మధుమేహం అదుపులో ఉండాలి. ఇంకా సంతానం కోరుకునేవారు ఆగడం మేలు. ప్రకటనలు చూసి పరుగెత్తక, ప్లాస్టిక్ సర్జరీలో తగిన పట్టా ఉన్న వైద్యుని, అత్యవసర వసతులున్న ఆసుపత్రిని ఎంచుకోవాలి. నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్ళకే కన్నుమూసినప్పుడు, కొన్ని వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకున్నారని పత్రికలు వ్రాశాయి. మరణానికి కారణమేమిటో తేల్చడం నా పని కాదు. సన్నగా ఉండి తీరాలని ఆడపిల్లలను లోకం ఎంత తరుముతోందో మాత్రం ఆనాడు మనసుకు తగిలింది.

ఇక ముడతలు పడిన ముఖాన్ని చూసి బెంగపడేవారికి యయాతి కథ చాలు. శుక్రాచార్యుల శాపంతో వచ్చిన ముసలితనాన్ని కుమారుడైన పూరునికిచ్చి, అతని యౌవనం తాను తీసుకున్నాడు. వేయేళ్ళు భోగాలు అనుభవించినా కోరిక చల్లారలేదు. చివరకు యౌవనం తిరిగి ఇచ్చివేసి, వార్ధక్యాన్ని తానే స్వీకరించి వనానికి వెళ్ళాడు. తృప్తి లేని మనస్సుకు ఏ వైద్యుడూ కుట్లు వేయలేడు.

నేను ఆ కోడలిని అడిగాను: "తల్లీ, ఇది నీ కోరికేనా, ఎవరైనా అన్న మాటా?" ఆమె కాసేపాగి, "నొప్పి నిజమే పంతులుగారూ. కానీ నొప్పి ఒక్కటే అంటే అబద్ధమవుతుంది. పెళ్ళిళ్ళకు వెళితే అందరూ నా పొట్ట వంకే చూస్తారు" అన్నది. నాకు సిగ్గువేసింది. ఒకప్పుడు ఆమెకు ప్రసాదం పెడుతూ, "నీకు రెండు దొప్పలు కావాలేమో" అని నవ్వినవాడిని నేనే. ఆమె చిన్నబుచ్చుకోవడం దేహాభిమానం వల్ల కాదు, మా చూపుల వల్ల. ఆ పాపం ఎవరిదో వేరే చెప్పాలా?

అందుకే అత్తగారితో ఇలా అన్నాను: "అమ్మా, ఇందులో పాపం లేదు. ప్రమాదం ఉంది, కనుక మంచి వైద్యుని అడిగి, అమ్మాయి మనసు తెలుసుకొని నిర్ణయించండి. వద్దనుకుంటే ఆ ఒంటితోనే ఆమెను గౌరవించండి. చేయించుకుంటే, వైద్యుడు సిద్ధమన్న రోజే మంచి రోజు. ఆ ఉదయం స్వామికి అభిషేకం నేను చేస్తాను. ఇంటికి వచ్చాక వైద్యుడు సరేననేదాకా, ఎన్ని వారాలైనా సరే, ఆమెను నీళ్ళ బిందె ఎత్తనివ్వకండి. ఆ పూజ మాత్రం మీరు చేయండి."

అత్తగారు ఏమీ అనలేదు. మెట్లు దిగేటప్పుడు కోడలి చేతిలోని కొబ్బరికాయల సంచిని తాను అందుకున్నారు.