మా మావయ్య చావుకు కోడ్ లేదు

మెడికల్ కోడింగ్ చేస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టి పొట్టకూటికి ఎక్కడెక్కడో ఉంటున్నవాళ్లకూ, ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి ఒక్కరికీ ఈ విన్నపం.

ఆవు కరిస్తే ఒక కోడ్, డబ్ల్యూ 55.21. అదే ఆవు తంతే ఇంకో కోడ్, డబ్ల్యూ 55.22. బాతు ఎగిరొచ్చి గుద్దినా కోడ్ ఉంది. అమెరికా ఆసుపత్రులు 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్న ఐసీడీ-10 పట్టికలో ఇలాంటివి దాదాపు 70 వేలు. పదేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది ఆ పట్టికే.

మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు. ఒహాయోలోనో టెక్సాస్‌లోనో ఎవరో ముసలాయన డయాలసిస్ చేయించుకుంటే ఆ చార్టు నా స్క్రీన్ మీదికొస్తుంది. కిడ్నీ జబ్బు ఎన్నో దశ, షుగర్ వల్ల వచ్చిందా బీపీ వల్ల వచ్చిందా, డయాలసిస్ మీద ఉన్నాడా లేదా అన్నీ చూసి ఎన్ 18.6, ఈ 11.22, జెడ్ 99.2 అని వేస్తాను. ఒక్క అంకె తప్పితే క్వాలిటీ వాళ్లు చార్టు వెనక్కి కొడతారు. ఆ ముసలాయన పేరు మర్నాటికి గుర్తుండదు గానీ ఆయన కిడ్నీల సంగతి మాత్రం వాళ్ల దేశం లెక్కలో పదిలంగా చేరిపోతుంది.

మా మావయ్యదీ డయాలసిస్సే. కవిటి మండలంలో ఊరు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పని. షుగర్ లేదు, బీపీ లేదు. కాళ్లు వాస్తున్నాయని వెళ్తే క్రియాటినిన్ ఎక్కువుందన్నారు. నాలుగేళ్లు తిరిగాడు, చివరి రెండేళ్లు వారానికి రెండుసార్లు మిషన్ మీద పడుకున్నాడు. 2021 వేసవిలో ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, కిడ్నీలు బొత్తిగా పనిచేయడం లేదని డాక్టరే మాకు చెప్పాడు. తెల్లారేసరికి పోయాడు. ఆసుపత్రి ఇచ్చిన కాగితం మీద చావుకు కారణం ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని ఉంది. అంటే గుండె ఆగింది, ఊపిరి ఆగింది. అవి ఆగకుండా ఎవరైనా పోతారా?

తర్వాత పంచాయతీ ఆఫీసులో నమోదు. ఏం రాయమంటారని అడిగితే మా బావ, “ఏటో ఒకటి రాసెయ్యండి బాబూ, పోయినోడు తిరిగొస్తాడేటి” అన్నాడు. ‘అనారోగ్యం’ అని రాశారు. వృత్తి దగ్గర ‘వ్యవసాయం’. సెంటు భూమి లేని మనిషి, ముప్పై ఏళ్లు ఎండలో జీడిపిక్కలు ఏరినవాడు. నేను పక్కనే ఉన్నాను. అక్కడ ఏం రాయాలో ఆ గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు. ఏడుపుల మధ్య ఎందుకులే అనుకుని నోరు మూసుకున్నాను. ఈ విన్నపం రాయడానికి మొదటి కారణం ఆ మౌనమే.

మనకు రోగాల గురించి తెలిసినంతగా చావుల గురించి తెలియదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. మిగతావాళ్లు ఎందుకు పోయారో అధికారికంగా ఎవరికీ తెలియదు. ఆ 22 మందిలోనూ మా మావయ్యలాంటి ‘గుండె ఆగి’ కాగితాలు ఎన్ని ఉంటాయో ఈ పనిలో ఉన్నవాళ్లు ఊహించుకోగలరు.

డాక్టరు నింపాల్సింది ఫారం 4. ఇంట్లో పోతే, ఆఖరి జబ్బులో చూసిన డాక్టరు ఇచ్చేది ఫారం 4ఏ. అందులో మొదటి భాగంలో మెట్లలాగా గీతలుంటాయి. పై గీత మీద చివరికి ప్రాణం తీసింది ఏమిటో రాయాలి. దాని కింద అది దేనివల్ల వచ్చిందో, ఇంకా కింద దానికి మూలమేమిటో. ఒక్కోటి ఎంతకాలంగా ఉందో పక్కన రాయాలి. మావయ్య కాగితం పై గీత మీద ఊపిరితిత్తుల్లో నీరు, ఆఖరి గీత మీద దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి, నాలుగేళ్లు అని ఉండాలి. లెక్కలోకి వెళ్లేది ఆ ఆఖరి గీతే. దాన్ని ఖాళీగా వదిలేస్తే ఉద్దానం కిడ్నీ మరణాల్లో ఒకటి మాయమైనట్టే.

ఉద్దానంలో మాయమయ్యేవి తక్కువేం కాదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ పేర్లు పేపర్లో కనబడితే పక్కన కిడ్నీ అన్న మాట ఉంటుంది. మందు కోసం, నీళ్ల కోసం పోరాడినవాళ్లకు దండం పెట్టాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి గొట్టాల్లో తాగునీళ్లు వచ్చాయి. కానీ జబ్బు ఎందుకొస్తోందన్నది ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. నీళ్లా, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడమా, పురుగుమందులా, నొప్పుల బిళ్లలా, ఇవన్నీ కలిసా? శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు నరికే కూలీలకూ ఇలాంటి జబ్బే. అక్కడా షుగర్, బీపీ లేని పనివాళ్లే. మరి మన దగ్గర ఎంతమంది పోయారు? ఒక్కో సభలో ఒక్కో అంకె చెబుతారు. ఏ పని చేసేవాళ్లు, ఏ ఊళ్లో, ఏ వయసులో, ఏ ఏడు నుంచి ఎక్కువయ్యారు అని అడగండి, సభ నిశ్శబ్దమైపోతుంది. ఆ జవాబులు దొరకాల్సింది పంచాయతీ మరణాల రిజిస్టర్లలో. వాటిలో ఏముంది? అనారోగ్యం, వ్యవసాయం.

లెక్క పెడితే ఏమవుతుందని అడిగేవాళ్లు తల్లుల మరణాల సంగతి చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001-03లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు పోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు దిగింది. 108 బండ్లు, ఆసుపత్రి కాన్పులు అన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. అయితే తల్లి చనిపోతే ఏ ఇంట్లో, ఎన్ని గంటలకు, బండి ఎప్పుడొచ్చింది, రక్తం దొరికిందా అని విడిగా విచారించే పద్ధతి కూడా వాటితోపాటే వచ్చింది. ఫ్లోరోసిస్ కూడా అంతే. 1937లో నాటి నెల్లూరు జిల్లా, ఇప్పటి ప్రకాశం వైపు ఊళ్లలో ఎముకలు బిగుసుకుపోయినవాళ్లను ఒక్కొక్కరినీ చూసి రాసి అచ్చువేశారు కాబట్టే అది దేవుడి శాపం కాదు, బావినీళ్ల పాపం అని తెలిసింది. అదే జబ్బుతో బాధపడ్డ నల్లగొండకు తాగునీళ్లు అడిగేవాళ్ల చేతిలో ఆధారం ఉండటం అక్కడ మొదలైంది.

మన ఇళ్లలో కారణం ఎందుకు దాస్తామో నాకు తెలుసు. మావయ్య పోయిన ఆరు నెలలకు ఆశా కార్యకర్త మా అత్త దగ్గరికొచ్చి, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా అని అడిగింది. అత్త లేదంది. మావయ్య గురించి కూడా చెప్పలేదు. ఆశా అదే వీధి మనిషి, శవయాత్రకు వచ్చిన మనిషి. అయినా తలొంచుకుని ‘లేదు’ అని రాసుకుని వెళ్లిపోయింది. నేను కోప్పడితే అత్త అన్నమాట: “గుంటకి సమందం సూస్తన్నాం నాన్నా. కాయితం మీద కిడ్నీ అని పడితే ఆ ఊరోల్లు మన గుమ్మం తొక్కుతారా?”

ఆ భయం ఉత్తిది కాదు. ఉద్దానం పిల్లకు సంబంధం అంటే వెనకాడే ఊళ్లు ఉన్నాయి. అందుకే ఈ ఒక్క సంగతి ఇంటింటికీ చెప్పండి. మీ చేతికొచ్చే మరణ ధ్రువపత్రం మీద చావుకు కారణం ఉండదు. 1969 జనన మరణాల నమోదు చట్టంలోని 17వ సెక్షనే దాన్ని బయటపెట్టొద్దంది. కారణం రిజిస్టరు వెనక లెక్కల కోసం వెళ్తుంది, పెళ్లివారి చేతికి వెళ్లదు. కిడ్నీ ఒక్కటే కాదు. టీబీ, హెచ్ఐవీ, పురుగుమందు తాగడం, కాన్పులో పోవడం, అన్నిటికీ ఇదే రక్షణ.

కాబట్టి నేను కోరేది చాలా చిన్న పని. ఇంట్లో ఎవరైనా పోతే 21 రోజుల్లో నమోదు చేయించండి. ఆసుపత్రిలో పోతే, శవాన్ని బండి ఎక్కించే తొందరలో కూడా ఒకరు వెనక ఆగి కారణం రాసిన కాగితం అడగండి. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ ప్రకారం సర్కారు ఆసుపత్రయినా ప్రైవేటు ఆసుపత్రయినా దాన్ని పైసా తీసుకోకుండా ఇవ్వాలి, దగ్గరి బంధువుకు ఒక ప్రతి ఇవ్వాలి. అది మీ హక్కు. అందులో ‘కార్డియాక్ అరెస్ట్’ అని ఒక్కటే ఉంటే, అది దేనివల్ల వచ్చిందని మర్యాదగానే అడగండి. పగలంతా రోగులతో నలిగిపోయిన డాక్టరు విసుక్కోవచ్చు. విసుక్కున్నా రాస్తాడు. పంచాయతీలో వృత్తి అడిగినప్పుడు వ్యవసాయం అని ఊరుకోకండి. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది, ఉప్పుమడిలో పనిచేసేవాడు, వేటకెళ్లేవాడు, హైదరాబాద్‌లో తాపీపని చేసి వచ్చినవాడు అని చెప్పండి. బీడీ, పొగాకు, మందు అలవాటు ఎన్నేళ్లని అడిగే గళ్లు కూడా ఆ నమోదు ఫారంలో ఉన్నాయి. పోయినవాడి పరువు పోతుందని అక్కడ అబద్ధం ఆడకండి.

ఇక నా తోటి కోడర్లకు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో మూడు నెలలు కూర్చుని, పరీక్ష రాసి, నూటికి తొంభై అయిదు తప్పులేకుండా పరాయి దేశపు రోగాలను వర్గీకరించే చేతులు వేల సంఖ్యలో మన దగ్గరున్నాయి. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, లైఫ్ సైన్సెస్ చదివి ఈ కుర్చీల్లోకొచ్చాం. డాక్టరు చేతిరాత చదవడం మనకొచ్చు. మూల కారణం ఏది, దాని పర్యవసానం ఏది అని విడదీయడం రోజూ చేసే పనే. సంక్రాంతికి ఊరెళ్తారు కదా. ఒక పూట కేటాయించండి. జబ్బు పడ్డవాళ్ల ఇంట్లో ఫైలు తీయించి, ఏ తేదీన క్రియాటినిన్ ఎంత, ఎప్పటి నుంచి మిషన్, ఏ పని ఎన్నేళ్లు చేశారు అని ఒక్క పేజీలో తెలుగులో రాసి ఆ ఇంటివాళ్ల చేతికే ఇవ్వండి. రేపు డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏఎన్ఎం అడిగినా, ఫారం 4 నింపాల్సిన రోజు వచ్చినా ఆ పేజీ పనికొస్తుంది. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. పేషెంటు సమాచారం బయటికి పోతే ఆఫీసులో మన ఉద్యోగం పోతుంది. మన ఊరివాళ్ల విషయంలో ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువుండాలి.

ఇంటర్ బైపీసీ తర్వాత ఎంబీబీఎస్ సీటు రాకపోతే బతుకు ముగిసినట్టు ఏడిపించే తల్లిదండ్రులకు ఒక మాట. ఆరోగ్యరంగం అంటే స్టెతస్కోప్ ఒక్కటే కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోయారు, 600 మందికి పైగా. మందులిచ్చేవాళ్లు ఇచ్చారు. ఏ వీధిలో, ఏ పూట, ఏ నీళ్లు తాగినవాళ్లు పడ్డారని ఇల్లిల్లూ తిరిగి రాసుకునేవాళ్లూ అంతే అవసరమయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. ఆ ఫలితాన్ని వీధితో, వయసుతో కలిపి చదవగలిగినవాళ్లు కావాలి. ఆ చదువు మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో ఉంది, చెన్నైలో ఐసీఎంఆర్ వారి ఎపిడెమియాలజీ సంస్థలో ఉంది. జనాభా లెక్కల చదువుకు ముంబైలో ఐఐపీఎస్. డాక్టరు చదివి ఉండాలన్న నియమం అన్నిచోట్లా లేదు. బీఎస్సీ నర్సింగ్ చేసిన పిల్లలు పల్లె క్లినిక్కుల్లో మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లుగా (ఎంఎల్‌హెచ్‌పీ) చేరుతున్నారు. ఊరి ఆరోగ్యం మొత్తం ఒక ట్యాబ్‌లో చూసేది వాళ్లే.

ఇందులో తేనె పూసి చెప్పను. జిల్లాల్లో ఈ ఉద్యోగాలు చాలామటుకు కాంట్రాక్టువే. ఆసుపత్రుల్లో మెడికల్ రికార్డ్స్ గది ఎక్కడుందంటే మెట్ల కింద చూపిస్తారు, ఫ్యాన్ ఉంటే అదృష్టం. ఆశాలు పగలు ఇంటింటికీ తిరిగి రాత్రి యాప్‌లో ఎక్కిస్తారు, సర్వర్ పనిచేయకపోతే తిట్లు వాళ్లకే. రికార్డుల మనుషులను పర్మనెంట్‌గా వేయండని అడగడం కూడా ఈ విన్నపంలో భాగమే. అభ్యర్థులు మీ ఊరికి వస్తే రోడ్డు సంగతి అడిగినట్టే ఇదీ అడగండి.

రక్తం తీసుకోవడానికి, సర్వే చేయడానికి మా ఊళ్లకొచ్చే పెద్దలకూ ఒక మాట ఉంది. మా ఊరి నుంచి సీసాలు సీసాలుగా రక్తం వెళ్లింది. ఏం తేలిందో గ్రామసభలో తెలుగులో చెప్పిన రోజు మా ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు. నాలుగోసారి సూది పట్టుకొచ్చినవాణ్ని చూసి జనం తలుపులు వేసుకుంటే అది అజ్ఞానం కాదు. తీసుకున్న లెక్క తిరిగి తెచ్చి చూపించండి, ఊరికి ఆరోగ్య కమిటీ ఉంది, దాని ముందు పెట్టండి. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

మొన్న ఊరెళ్లినప్పుడు అత్త ట్రంకుపెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. డయాలసిస్ చీటీలు, బస్సు టికెట్లు, ఆసుపత్రి బిల్లుల మధ్య మడత పెట్టిన పసుపుగుడ్డ. ఆ కాగితాలను తేదీల వారీగా పేర్చడానికి రెండు గంటలు పట్టింది. మొదటి క్రియాటినిన్ కాగితం 2017 ఫిబ్రవరిది. అది చూసి అత్త, “అప్పటికి మీ మావ బస్తా కూడా మోసేవోడే” అంది. తర్వాత తనే, తన చిన్నోడికి ఈమధ్య కాళ్లు వాస్తున్నాయని, ఆశా వస్తే ఈసారి చెప్తానని అంది. నేను ఆశా వచ్చేదాకా ఆగలేదు. ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్లాం, కవరు పట్టుకుని.