గులకరాయి గాయం

దసరాకి కొత్త కారు ఇంటికొచ్చింది. గుడి దగ్గర పూజ అయింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. ఆ ఆదివారమే ఇంటిల్లిపాదీ హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి దుర్గమ్మ దర్శనం చేసుకొచ్చారు. సోమవారం పొద్దున్నే ఇంటాయన తడిగుడ్డతో బానెట్ తుడుస్తుంటే వేలికి ఏదో గరుకుగా తగిలింది. దుమ్మేమోనని గోటితో గీకారు. పోలేదు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే... బియ్యపు గింజంత మేర ఎర్రరంగు లేచిపోయి, లోపలి బూడిదరంగు కనిపిస్తోంది. అలాంటివి బానెట్ అంచున మూడు, బంపర్ మీద అయిదారు!

ఎక్కడా గుద్దలేదు. ఎవరూ రాసుకుంటూ పోలేదు. కాకపోతే దారిలో ఓ కంకర టిప్పర్ వెనక పది నిమిషాలు నడిచిన గుర్తు. అప్పుడు టకటకమని చప్పుడు కూడా వినిపించింది. పాటల హోరులో ఎవరూ పట్టించుకోలేదు.

కారున్న చాలా ఇళ్లలో జరిగేదే ఇది. ఆ తర్వాత వచ్చే సలహాలూ మామూలే. ‘అప్పుడే సెరామిక్ కోటింగ్ వేయించుకోవాల్సింది సార్’ అంటారు షోరూమ్ వాళ్లు. ‘ముందు ఇనప గార్డు బిగించు బావా’ అంటాడు బావమరిది. ‘రాయన్నాక తగలదా, వదిలెయ్’ అంటారు పక్కింటి పెద్దాయన. ముగ్గురి మాటా పూర్తిగా నమ్మాల్సిన పని లేదు. అసలు రాయి చేసే పనేమిటో తెలిస్తే ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ అక్కర్లేదో తేలిపోతుంది.

రెండు వెంట్రుకల మందం

కారు మీద రంగు ఒక్క పూత కాదు. ముందుగా బాడీ మొత్తాన్ని ఓ పెద్ద తొట్టెలో ముంచి, కరెంటు సాయంతో తుప్పును అడ్డుకునే ప్రైమర్ పట్టిస్తారు. సాధారణంగా దాని మీద ఇంకో ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన మెరుపునిచ్చే పారదర్శక పొర... క్లియర్ కోట్. ఇన్ని పొరలూ కలిపినా మందం 100 నుంచి 150 మైక్రాన్లే. అంటే మిల్లీమీటరులో పదో వంతు, లేదా ఇంకాస్త. రెండు తలవెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో దాదాపు అంతే! కంకర రాయి పదునైన అంచుకు ఇదో లెక్క కాదు.

మనకు అనిపించేది రాయి ఎగిరొచ్చి కారును కొట్టిందని. చాలాసార్లు జరిగేది అందుకు తిరగేసి. ముందు వాహనం టైరు లేపిన రాయి గాల్లో ఉంటుంది. మన కారే వెళ్లి దాన్ని కొడుతుంది. అందుకే దెబ్బ ఎంత గట్టిగా తగిలేదీ ఎక్కువగా తేల్చేది మన వేగమే. పైగా వేగం రెట్టింపయితే దెబ్బ బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఢీకొన్న రాయి కన్నా 100తో వెళ్తూ ఢీకొన్న అదే రాయి దాదాపు 2.8 రెట్లు బలంగా తగులుతుంది. సింగిల్ రోడ్డు మీద ఎదురుగా వచ్చే లారీ లేపిన రాయయితే దాని వేగం కూడా తోడవుతుంది.

ఒక్క సెకను కథ

రాళ్ల దెబ్బను తప్పించుకునే మార్గాల్లో పైసా ఖర్చు లేనిది, అన్నిటికన్నా బాగా పనిచేసేది... ముందు బండికి దూరంగా ఉండటం. ఇది ఎవరైనా చెప్పే మాటే. ఎంత దూరం అన్నదే అసలు సంగతి.

టైరు కింద నుంచి ఓ రాయి మనిషెత్తు ఎగిరిందనుకోండి. అది పైకి లేచి మళ్లీ నేల మీద పడటానికి సెకను కన్నా కొంచెం ఎక్కువ పడుతుందంతే. 80 కిలోమీటర్ల వేగంలో మన కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు టిప్పర్‌కు పాతిక మీటర్ల లోపే ఉంటే రాయి ఇంకా గాల్లో ఉండగానే దాని కిందికి దూరినట్టే! అదే మూడు సెకన్ల ఎడం ఉంటే, అంటే 65 మీటర్ల పైచిలుకు, చాలా రాళ్లు మనం అక్కడికి చేరేలోపే రోడ్డు మీద పడి ఉంటాయి. ఎడం కొలవడానికి టేపు అక్కర్లేదు. ముందు బండి ఏదో కిలోమీటరు రాయిని దాటగానే ‘ఒకటీ... రెండూ... మూడూ’ అని నింపాదిగా లెక్కపెట్టాలి. మూడు అనకముందే మన కారు ఆ రాయిని దాటిందంటే దగ్గరగా ఉన్నట్టు. వెనక సీట్లో పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించవచ్చు. సరదాగా చేస్తారు.

లారీలు, టిప్పర్ల సంగతి మరీ ప్రత్యేకం. వాటి వెనక చక్రాలు జంట టైర్లు. ఆ రెంటి సందులో కంకర రాయి ఇరుక్కుంటుంది. కొంత దూరం అలాగే తిరిగి, ఏదో ఒక క్షణంలో విసురుగా బయటికొస్తుంది. ఇక పట్టా కప్పకుండా నిండా కంకర పోసుకుని, ప్రతి గుంతకూ నాలుగు రాళ్లు రాలుస్తూ పోయే టిప్పర్లు క్రషర్లున్న ఊళ్ల దగ్గర ఎవరికి తెలియవు! వాటి వెనక ఓపిగ్గా నడవడం కన్నా దారి ఖాళీగా ఉన్నప్పుడు ఒకేసారి దాటేయడం మేలు. దాటే వీలు లేకపోతే టీ నీళ్లకు ఆగినా తప్పులేదు. అయిదు నిమిషాల్లో అది ఎటో మళ్లిపోతుంది.

వానాకాలం తర్వాత మరింత జాగ్రత్త కావాలి. తారు లేచిపోయి చిప్స్ విడిపోతాయి. గుంతల్లో కంకర పోసి వదిలేస్తారు. కొత్తగా పరిచిన మెటల్ మీద 30, 40 దాటకపోతే మన చక్రాలు లేపే రాళ్లు మన కారుకే తగలవు. అవును, ముందు చక్రాలు లేపిన రాయి తలుపుల కింది అంచునూ, వెనక చక్రం ముందున్న రేకునూ కొడుతుంది. ఈ దెబ్బలు ఎవరి కంటా పడవు. తుప్పు మాత్రం ముందుగా అక్కడే మొదలవుతుంది. నాలుగు చక్రాలకూ మడ్ ఫ్లాప్స్ బిగిస్తే ఈ బెడద చాలావరకు తీరుతుంది. ఒక ట్యాంకు పెట్రోలు కన్నా తక్కువ ఖర్చు. అందం చెడుతుందని వాటిని పీకించేవాళ్లూ ఉన్నారు. వెడల్పాటి టైర్లు వేయించి, అవి బాడీ కన్నా బయటికి పొడుచుకొస్తుంటే మురిసిపోయే కుర్రాళ్లూ ఉన్నారు. ఆ మురిపెం ఖరీదు తలుపుల మీది రంగు!

బైకు మీద వెళ్లేవారికైతే ఆ రాయి తగిలేది రంగుకు కాదు, కంటికి. టిప్పర్ కనిపించగానే హెల్మెట్ అద్దం దించుకోవాలి.

మెరుపు వేరు, రక్షణ వేరు

కొత్త కారు డెలివరీ రోజు షోరూమ్‌లో చెప్పే మాటల్లో ఎక్కువగా చెల్లేది కోటింగుల బేరం. ఒకప్పుడు టెఫ్లాన్, ఇప్పుడు సెరామిక్. ఇవి పనికిరానివేం కావు. నీళ్లు నిలవవు, మురికి తేలిగ్గా పోతుంది, మెరుపు ఎక్కువ కాలం ఉంటుంది. కానీ ఈ పూత మందం ఏ ఒకటో రెండో మైక్రాన్లు. 100 మైక్రాన్ల రంగును చీల్చే రాయిని ఇది ఆపుతుందని చెబితే నమ్మడం మన తప్పే.

రాయిని నిజంగా కాచుకునేది పీపీఎఫ్ అని పిలిచే పారదర్శక ఫిల్మ్. టీపీయూ అనే సాగే గుణమున్న ప్లాస్టిక్‌తో తయారవుతుంది. మందం 150 నుంచి 200 మైక్రాన్లు... కారు రంగు మొత్తం కన్నా ఎక్కువ. దెబ్బను తాను మింగి, కింద రంగును కాపాడుతుంది. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా హెలికాప్టర్ల రెక్కలు ఇసుకకూ రాళ్లకూ పాడవకుండా 3ఎం కంపెనీ చేసిన ఫిల్మ్ దీనికి మూలం. అయితే కారంతా వేయిస్తే ఖర్చు లక్ష దాటడం మామూలే. మధ్యతరగతి కారుకు అంత అవసరమా? అక్కర్లేదు. రాయి తగిలే చోట్లు కొన్నే. బానెట్ ముందు భాగం, అద్దానికి రెండు వైపులా ఉండే స్తంభాలు, పైకప్పు ముందంచు, తలుపుల కింది అంచులు. వాటి వరకు వేయిస్తే చాలు. పీవీసీతో చేసిన చౌక రకం కూడా అమ్ముతారు. అది కొన్నాళ్లకు పసుపెక్కి, గట్టిపడి, తీసేటప్పుడు ప్రాణం తీస్తుంది. ఏది వేస్తున్నారో బిల్లు మీద రాయించుకోండి. కొత్తగా రంగు వేయించిన భాగం మీద కొన్ని వారాలు ఆగి గానీ ఫిల్మ్ వేయించకూడదు.

ఈ చోట్ల చిట్టాలో బంపర్ లేదేమిటి అనిపించవచ్చు. బంపర్ ప్లాస్టిక్. దాని మీద ఎన్ని చుక్కలు పడినా తుప్పు పట్టదు. కంటికి బాగుండదు, అంతే. బానెట్, పైకప్పు ఎక్కువ కార్లలో ఉక్కు రేకు. రంగు లేచిన చోట నీళ్లు చేరితే పొర కిందుగా తుప్పు పాకి, బియ్యపు గింజంత మచ్చ బఠాణీ గింజంత బుడగ అవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో సముద్రపు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి బంపర్ మార్చడానికి పరుగెత్తే ముందు బానెట్ సంగతి చూడాలి.

ఇక బావమరిది చెప్పిన ఇనప గార్డు. కార్లకు ఈ గార్డులు బిగించడం చట్టవిరుద్ధమనీ, చర్యలు తీసుకోవాలనీ 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు చెప్పింది. పాదచారులకు ప్రమాదం. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు వేళకు తెరుచుకోకపోయే ముప్పూ ఉంది. పైగా రెండు గొట్టాల మధ్య నుంచి రాయి నిక్షేపంగా దూరుతుంది!

గ్రిల్ వెనక ఉండే ఏసీ కండెన్సర్‌ను మాత్రం మరవకూడదు. పల్చటి అల్యూమినియం గొట్టాలు. ఓ పదునైన రాయి దూరిందంటే గ్యాస్ మొత్తం పోతుంది. గ్రిల్ లోపల గట్టి జాలీ బిగించుకోవచ్చు. దోమతెర లాంటి సన్నటిది వద్దు. గాలి ఆడక ఇంజిన్ వేడెక్కుతుంది.

అద్దం మీద చుక్క

ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది. అందుకే రాయి తగిలితే భళ్లున పగిలి మీద పడదు. చిన్న చుక్క పడుతుంది. ఆ చుక్కే పగులుగా సాగేది ఎక్కువగా మన చేతులారా. మే నెల ఎండలో నిలబెట్టిన కారెక్కగానే ఏసీ గాలిని నేరుగా అద్దానికి కొట్టించడం, కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు కుమ్మరించడం... ఈ రెండూ చాలు. చుక్క పడగానే దాని మీద పారదర్శకమైన టేపు ముక్క అతికించి, దుమ్ము, నీళ్లు దూరకుండా చూసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. రూపాయి బిళ్లంత లోపు ఉండి, అంచుకు దగ్గరగా, డ్రైవర్ చూపుకు సూటిగా లేకపోతే రెజిన్ నింపి సరిచేస్తారు. ఈమధ్య కొన్ని కార్లలో అద్దం వెనక కెమెరా ఉంటోంది. అద్దం మారిస్తే ఆ కెమెరాను మళ్లీ సరిచేయించాలి. ఆ ఖర్చు అదనం.

బీమా ఉందిగా అనుకునేవారు ఒక లెక్క వేసుకోవాలి. సమగ్ర పాలసీలో అద్దానికి తరుగుదల కోయరు, నిజమే. కానీ ఒక్క క్లెయిమ్ చేస్తే, బోనస్‌ను కాపాడే యాడ్-ఆన్ తీసుకోనివారికి నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అది మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరే రాయితీ. చిన్న చుక్కకు దాన్ని వదులుకోవడం లాభమా నష్టమా చూసుకోవాలి.

రంగు లేచిన చోటు సరిచేయడం ఇంట్లోనే అవుతుంది. డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీదో, బానెట్ కిందో ఉండే చీటీ మీద రంగు కోడ్ రాసి ఉంటుంది. అది చెబితే అదే రంగు టచప్ సీసా దొరుకుతుంది. ఎరుపు అంటే ఎరుపే కదా అని ఏదో ఒకటి తెస్తే అతుకు వేసినట్టు కనిపిస్తుంది. ముందు ఆ చోటు కడిగి, ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. తుప్పు మొదలైతే సన్నటి గరుకు కాగితంతో చుక్క మేరకే రుద్దాలి. లోపల రేకు మెరుస్తూ కనిపిస్తే ఓ చుక్క ప్రైమర్ తప్పనిసరి. రంగు వేయడానికి సీసాతో వచ్చే కుంచె మొద్దుగా ఉంటుంది. దానికన్నా పళ్లు కుట్టుకునే పుల్ల నయం. ఒకేసారి నింపేయకుండా పల్చగా రెండు మూడుసార్లు, ఒకటి ఆరాక మరొకటి వేసి, చివర క్లియర్ కోట్ వేయాలి. టచప్ సీసా దొరికేదాకా నీళ్లు దూరకుండా ఇంట్లో ఉన్న రంగులేని గోళ్ల పాలిష్ ఓ చుక్క పెట్టినా కొన్నాళ్లు ఆగుతుంది. తర్వాత దాన్ని తీసేసి అసలు పని చేసుకోవాలి.

ఈ పని మధ్యాహ్నపు ఎండలో వద్దు. కాలిన రేకు మీద రంగు సరిగా పట్టదు. పొద్దున్నే నీడలో పెట్టుకుంటే బానెట్ మీది ఆ మూడు చుక్కలూ కాఫీలు, టిఫిన్ల మధ్యలో అయిపోతాయి. ఆ తర్వాత కొద్దిరోజులు కారు కడగడం, తుడవడం వాయిదా వేసుకోవాలి.