పాఠం గంటల వెలుపల

ఊరుమ్మడి సంగీత పాఠశాల, అనగా వృత్తి విద్వాంసులను తయారుచేయడమే ధ్యేయంగా పెట్టుకోక ఊరిలోని ఏ ఇంటి పిల్లలైనా, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలైనా స్వల్ప రుసుముతో చేరి నేర్చుకొనేందుకు నడిచే బడి, తన ఉపాధ్యాయులకు తరచుగా పాఠం చెప్పిన గంటల లెక్కనే ప్రతిఫలం ఇస్తుంది. ఈ లెక్క చూడడానికి న్యాయంగానే కనిపిస్తుంది గాని, ఉపాధ్యాయ వృత్తిలో పెద్ద భాగం దానికి అందదు. అందని ఆ భాగంపైనే పాఠం ఆధారపడి ఉందన్న సంగతి తమిళనాడులోని ధర్మపురి వంటి చోట మరింత స్పష్టంగా తెలుస్తుంది.

సేలం జిల్లా నుండి 1965లో విడివడి, 2004లో కృష్ణగిరి ప్రాంతాన్ని వేరు జిల్లాగా వదులుకొన్న ధర్మపురి జిల్లా చెన్నై, తంజావూరు సంగీత సభలకు దూరంగా ఉన్న సీమ. రాత్రంతా సాగే వీధినాటకం తెరుక్కూత్తు, గుడిలో మోగే నాదస్వరం ఇక్కడి జనానికి చిరపరిచితాలు. కచేరీ సంగీతం మాత్రం చాలా ఇళ్లకు బడి ద్వారానే చేరవలసి ఉంటుంది. పొరుగున సేలం, కృష్ణగిరులలో ఉన్నటువంటి జిల్లా ప్రభుత్వ సంగీత పాఠశాలలు, 1991లో ఏర్పడిన రాష్ట్ర కళా సంస్కృతి శాఖ కింద, గాత్రం, వయొలిన్, మృదంగం, నాదస్వరం, తవిల్, భరతనాట్యం, తేవారం అనే ఏడు విషయాలలో మూడేళ్ల శిక్షణ ఇస్తాయి. తేవారమంటే సంబంధర్, అప్పర్, సుందరర్ అనే శైవ నాయన్మారులు పాడిన తమిళ స్తుతులు. వాటిని గుడిలో పాడే వారు ఓదువార్లు. గుడి సంగీతానికీ సభా సంగీతానికీ ఒకే బడిలో చోటివ్వడం ఈ వ్యవస్థ చేసిన పెద్ద మేలు.

ఈ ప్రాంతపు గాత్ర ఉపాధ్యాయుల మీద పడే పనులలో బయటివారికి అంతగా తెలియనిది సాహిత్యాన్ని సిద్ధం చేయడం. త్యాగరాజ కీర్తనలలో అధిక భాగం తెలుగు. నేర్చుకొనే పిల్లలు చదివేది తమిళ లిపి. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందువల్ల ‘గానము’ అని ఉన్న చోట పిల్ల ‘కానము’ అని పాడితే పాట అన్న మాట పోయి చూడలేకపోవడం వచ్చి కూర్చుంటుంది. తమిళ సంగీత పుస్తకాలు అక్షరం పక్కన 2, 3, 4 అనే చిన్న అంకెలు వేసి ఈ భేదాన్ని చూపుతాయి గాని, అంకె చూసినంత మాత్రాన నోరు తిరగదు. ప్రతి చరణానికీ పదచ్ఛేదం చేసుకోవడం, అనగా సంధి కలిసిన మాటలను విడదీసి అర్థం తేల్చుకోవడం, తాళం ఎత్తుగడ మాట మధ్యలో పడినప్పుడు అర్థం విరగకుండా ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తు పెట్టుకోవడం, తెలుగు తెలియని పిల్లలకు భావాన్ని వారి మాటల్లో చెప్పగలగడం, ఇదంతా పాఠానికి ముందే జరగాలి. జిల్లాలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లల్లో నోటికి తెలుగు వచ్చి కంటికి తమిళమే తెలిసిన వారికి ఈ శ్రద్ధ తమ భాషను అక్షరశుద్ధితో వినే అవకాశం కూడా అవుతుంది. ఇంత భాషాసేవ ఏ హాజరు పట్టీలోనూ నమోదు కాదు.

వాద్యాల సంరక్షణ కూడా ఇటువంటిదే. నాదస్వరానికి సీవాళి, అనగా ఊదే రెల్లు పీక, సరిచూసుకోవడం, మృదంగం ఎడమ ముఖానికి రవ్వ ముద్ద అద్ది శ్రుతి కలపడం, పిల్లల వయొలిన్లకు తీగలు మార్చడం ఉపాధ్యాయులే చేసుకొంటారు.

వీటన్నిటి కంటె ముఖ్యమైనది సాధకం, దానిని నిలబెట్టే కచేరీ. పాఠం చెప్పేవారు బయట వాయించడాన్ని పక్క సంపాదనగా చూసే నిర్వాహకులు ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరం చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1919లో అక్కడ సంగీత కళాశాల నెలకొన్నప్పుడు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసు హరికథలు మానలేదు. అదే సంవత్సరం వయొలిన్ ఆచార్యులుగా చేరి 1936లో అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామి నాయుడు దేశమంతా కచేరీలు చేశారు. వేదిక మీద గురువు ఏ క్షణాన ఏ సంగతి వేస్తారో విన్న శిష్యులకు మరునాటి పాఠం వేరుగా వినిపిస్తుంది. సెలవుల్లో ఆ కళాశాల మూసి ఉన్న కాలంలో వచ్చిన గాయకుడు ఘంటసాలకు తమ ఇంటనే విద్య చెప్పిన అక్కడి గాత్ర ఉపాధ్యాయులు పట్రాయని సీతారామశాస్త్రి ఔదార్యం నమస్కరించదగినది. అయితే ఒక వ్యవస్థ తన ఉపాధ్యాయుల ఔదార్యం మీదనే ఆధారపడి నడవడం ఎంతమాత్రం సబబు కాదు.

ఇందుకు భిన్నంగా జర్మనీలో పురపాలక సంగీత పాఠశాలల ఒప్పందం పూర్తికాలపు ఉద్యోగానికి వారానికి 45 నిమిషాల పాఠాలు 30 అని నిర్ణయించి, పాఠానికి సిద్ధం కావడం, తల్లిదండ్రులతో సమావేశాలు, విద్యార్థుల ప్రదర్శనలు కూడా ఆ ఉద్యోగంలో భాగమని విడిగా పేర్కొంటుంది. హెరెన్‌బెర్గ్ పట్టణపు పాఠశాలలో గంటల లెక్కన పనిచేసిన ఒక పియానో ఉపాధ్యాయురాలు స్వతంత్ర వృత్తిదారు కాదని, ఉద్యోగియేనని 2022లో అక్కడి అత్యున్నత సామాజిక న్యాయస్థానం తీర్పు చెప్పింది. పాఠశాల ఏర్పాట్లలో ఆమె ఎంతగా కలిసిపోయి ఉన్నదో చూసి న్యాయమూర్తులు ఆ నిర్ణయానికి వచ్చారు.

అటువంటి పూర్తికాలపు ఉద్యోగాలు ఇచ్చేంత నిధి ధర్మపురి బడులకు లేకపోవచ్చు. అయినా నియామక పత్రంలో పాఠాల సంఖ్యతోపాటు సాహిత్యం సిద్ధం చేసే వేళనూ, వాద్యాల మరమ్మతునూ, ప్రభుత్వ సంగీత పరీక్షలకు పిల్లలను తయారుచేసే అదనపు తరగతులనూ రాసి వాటికి వేతనం చూపడం చిన్న బడికి కూడా సాధ్యమే. పెళ్లి ముహూర్తాల్లోనూ గుడి ఉత్సవాల్లోనూ నాదస్వర, తవిల్ ఉపాధ్యాయులకు జీతం కోయని కచేరీ సెలవు ఇవ్వాలి. వీలైనప్పుడు పెద్ద తరగతి పిల్లలను వారి వెంట పంపి, ఆ రాత్రిని పాఠంగానే హాజరు పట్టీలో రాయాలి.