నల్లమందు భయము – వృద్ధుల తుదిబాధ

మరణము తప్పింపరానిది. కాని మరణమునకు ముందు వచ్చు బాధ తప్పింపరానిది కాదు. ఈ భేదమును మన వైద్యాలయములును గృహస్థులును ఇంకను చక్కగా గుర్తింపలేదని మేము తలంచుచున్నాము. క్యాన్సరు ముదిరి రేయింబవళ్లు మూలుగుచున్న వృద్ధునిజూపి, "ఇక చేయదగినది లేదు, ఇంటికి గొనిపొండు" అనుట వైద్యధర్మము కానేరదు. రోగము కుదరకున్నను బాధ కుదురును.

అందులకు సాధనము మార్ఫీను. తీవ్రబాధకు దానిని నోటిద్వారా, వేళ తప్పక ఈయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986లోనే విధించినది. దానికి మూలమగు నల్లమందు మన మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వానుమతితో పండుచున్నది. ఘాజీపూరు, నీమచ్ కర్మాగారములకు చేరుచున్నది. విదేశములకును ఎగుమతి యగుచున్నది. పరదేశపు రోగుల బాధ మాన్పు పంట పండించిన దేశపు పెద్దలకే అందకుండుట కంటె విపరీతమేమున్నది?

1985నాటి మాదకద్రవ్యముల చట్టము దొంగవర్తకము నణచుటకై పుట్టి, వైద్యునిగూడ దొంగతో నొకే గాటను గట్టినది. ఆసుపత్రి పలు శాఖల యనుమతులు సంపాదింపవలసివచ్చెను. ఒకదాని గడువు తీరినను మందు నిలిచిపోయెడిది. పార్లమెంటు 2014లో ఆ చట్టమును సవరించినది. గుర్తింపుపొందిన వైద్యసంస్థకు ఇప్పుడు రాష్ట్ర ఔషధనియంత్రణాధికారి యనుమతి చాలును. కనుక నేడు చట్టముపై నెపము మోపుట చెల్లదు. మిగిలినవి భయము, ఉపేక్ష.

భయమునకు కారణము లేకపోలేదు. నల్లమందు మరిగి చెడిన సంసారములను మన పెద్దలెరుగుదురు. అమెరికాలో 1990 తరువాత ఇట్టి మందులను విచ్చలవిడిగా వ్రాసియిచ్చుటచే కలిగిన యనర్థమును లోకమెరుగును. కాని అది మితిమీరిన వాడుకకు గుణపాఠమే కాని, మరణశయ్యపై నున్నవారికి మందు నిరాకరించుటకు ప్రమాణము కాదు. వృద్ధుల మూత్రపిండములు బలహీనములగుటచే స్వల్పమాత్రతో ప్రారంభించి మెల్లగా పెంచవలయును. మలబద్ధము రాకుండ మొదటినుండియు విరేచనౌషధము తోడుగా నీయవలయును. మగతను, శ్వాసను కనిపెట్టుచుండవలయును. ఇట్టి జాగ్రత్తతో నిచ్చినచో తుదిదశలోనివారు వ్యసనపరులగుట అరుదు.

ఇది అసాధ్యమను వారు కేరళమును జూతురు గాక. అచట 2008లోనే ఉపశమనచికిత్సను ప్రభుత్వవిధానముగా ప్రకటించి, స్థానికసంస్థల ద్వారా నర్సులను రోగుల ఇండ్లకే పంపుచున్నారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియు, తెలంగాణ జిల్లాలలోని ఉపశమనకేంద్రములును మన సీమలోనే మార్గము చూపినవి. ఇది తాలూకాలవరకు వ్యాపింపవలయును. ప్రతి ప్రభుత్వాసుపత్రియందును మార్ఫీను మాత్రలు, వాని నీయనేర్చిన వైద్యుడొకడు ఉండితీరవలయునని మేము రెండు రాష్ట్రప్రభుత్వములను కోరుచున్నాము. సత్రములు కట్టించు దాతలు ఇట్టి పరిచర్యాలయములకును చేయూత నిత్తురు గాక.

గౌరవముతో మరణించుట జీవించుహక్కులో భాగమేయని సుప్రీంకోర్టు 2018లో తీర్పుచెప్పినది. నొప్పితో కేకలు వేయువానికి ఆ హక్కు కాగితముపై నుండి లాభమేమి? కర్మకాండలను ఘనముగా జరుపు జాతి, బ్రదికియున్ననాటి బాధను మాన్పుటయే ముందటి పితృసేవయని గ్రహింపవలసియున్నది.