నిష్కామకర్మ కృతఘ్నతకు ఆచ్ఛాదనమా?

కావలి సోదరుల నామస్మరణ చేయగానే కొందరు విజ్ఞులు ఒక పూర్వపక్షాన్ని ముందుంచుతారు: వారిది నిష్కామకర్మ, కీర్తితో వారికేమి ప్రయోజనం? వేదాంతంవలె ధ్వనించినా ఇది వేదాంతం కాదు. మన ఔదాసీన్యానికి కప్పిన కాషాయవస్త్రం మాత్రమే.

విషయం స్మరిద్దాం. 1783లో ఈ దేశానికి వచ్చి, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీకి దేశభాషలు రావు. ఆయనకు ఆ ద్వారాన్ని తెరచినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. ఈ సంగతిని మెకంజీయే అంగీకరించాడు. బొర్రయ్య 1803లో పిన్నవయస్సులోనే దివంగతుడు కాగా, సోదరుడు లక్ష్మయ్య ఆ భారాన్ని వహించాడు. ఆ సేకరణకు 1828లో విల్సన్ ప్రకటించిన పట్టికలో 1,568 వ్రాతప్రతులు, 8,076 శాసనప్రతులు, 6,218 నాణేలు లెక్కకు వచ్చాయి. అదంతా నేటికీ 'మెకంజీ సేకరణ'గానే ప్రసిద్ధం.

1821లో మెకంజీ మరణించాక ఆ కార్యాన్ని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరాడు. అంతటి పరిశోధనకు నాయకత్వం వహించే విమర్శశక్తి స్వదేశీయునికి లేదని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ నిర్ణయించింది. ఆ అవమానం పరాయివారిది. ఆ పేర్లను మరచిన దోషం మాత్రం మనదే.

ఇక సమాధానం. ఫలత్యాగం కర్త స్వీకరించవలసిన వ్రతం. ఫలభోక్తకు లభించిన ఋణవిముక్తి కాదు. దాత ప్రత్యుపకారం కోరలేదు గనుక గ్రహీత కృతజ్ఞుడు కానక్కరలేదని ఏ ధర్మశాస్త్రం చెప్పింది? ఒకరి వైరాగ్యాన్ని మన కృతఘ్నతకు ప్రమాణంగా చూపడం శాస్త్రానికే అపచారం.

రెండవ పూర్వపక్షం: కైఫీయతులు గ్రామకరణాల లెక్కలే, వాటిలో మోక్షవిద్య ఎక్కడ? నిజమే, లేదు. కాని ఏ దేవునికి ఎవరు మాన్యమిచ్చారు, ఏ అగ్రహారం ఎవరికి ధారాదత్తమయింది, స్థలమాహాత్మ్యాన్ని ఊరివారు ఏమని చెప్పుకొన్నారు అనే వృత్తాంతాలు వాటిలో ఉన్నాయి. మనం నిత్యం దర్శించే ఆలయంలో ధూపదీపనైవేద్యాలు ఆ మాన్యాలపైననే నిలిచాయి. ఆత్మవిచారం చేసేవాడు దేహాన్ని ఉపేక్షించవచ్చునేమో గాని, దేవాలయధర్మాన్ని కీర్తించేవాడు దాని చరిత్రను ఉపేక్షించరాదు.

కైఫీయతులలోని ప్రతివాక్యమూ సత్యమని నేననను. జనశ్రుతి, స్వార్థం, అతిశయోక్తి వాటిలో కలగలిసి ఉన్నాయి. అందుకే వాటికి కావలసినది పూజ కాదు, ప్రమాణపరీక్ష. విజయదశమినాడు పుస్తకానికి పసుపు కుంకుమలు అద్ది, మరునాటినుండి దానిని తెరవనివాడు సరస్వతీభక్తుడా?

ఋషిఋణం స్వాధ్యాయంతోనే తీరుతుంది. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారంలో ఆ ప్రతులు ఉన్నాయి. కడప జిల్లా కైఫీయతులు సంపుటాలుగా ముద్రితమయ్యాయి. మీ గ్రామానికి కైఫీయతు ఉన్నదేమో అన్వేషించండి. ఉంటే చదవండి, సత్యాసత్యాలు విచారించండి. ఆ పఠనారంభంలో బొర్రయ్య, లక్ష్మయ్యల పేర్లు ఒక్కసారి ఉచ్చరించండి. వారికి కీర్తి అవసరం లేకపోవచ్చు. కృతజ్ఞత మనకు అవసరం.