చిప్పు – చిప్ప

తెలకపల్లి ప్రాంతపు రైతు మోటారు వేయుటకై నడిరేయి బావికడకు పరుగిడు రోజులు చాలవరకు గడచినవి. బోరు స్టార్టరులో సిమ్ము కార్డు పెట్టించి, మంచముమీదనుండియే సెల్‌ఫోను నొక్కి నీరు పారించుకొనువారు మన పల్లెలలో కలరు. అంగడిలో ప్రత్తిని, వేరుసెనగను తూచునది ఎలక్ట్రానిక్ కాంటా. త్రాసు ముల్లు చూపి మోసగించుట పోయినది, మోసమే పోయినదనలేము. చీకటిలో పామును త్రొక్కు భయము తగ్గుట మాత్రము నిజము. ఈ మేలును కాదనువారము మేము కాము.

వీనికన్నిటికిని ప్రాణము గోటియంత సిలికాను ముక్క. 1947 డిసెంబరున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. వేడెక్కినగాని పలుకని వాల్వు రేడియో మూలబడెను. 1971లో ఇంటెల్ కంపెనీ ఒక్క ముక్కపై సుమారు 2,300 ట్రాన్సిస్టరులను పొదిగి మైక్రోప్రాసెసరును అంగడికి దెచ్చెను. నేటి మేలురకపు సెల్‌ఫోను చిప్పులో అవి వేయికోట్లకు మించినవి.

ఈ విద్యలో తెలుగువాడు వెనుకబడెనా? లేదు. పశ్చిమగోదావరి మోగల్లున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు, హోమీ భాభాగారి సహచరులై పనిచేసి, 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు పునాది వేసిరి. అణుశక్తి కేంద్రములకు వలయు పరికరములను పరదేశము నడుగక మనమే చేసికొనవలెనన్నది వారి పట్టుదల. ఆ సంస్థ కంప్యూటరులు చేసెను, టెలివిజనులు చేసెను, భారత్ ఎలక్ట్రానిక్స్‌తో పాటు ఓటు యంత్రములను చేయుచున్నది. 2004 లోకసభ ఎన్నికలనుండి దేశమంతయు ఆ మీటనే నొక్కుచున్నది. యంత్రము మనవారు కట్టినది; అందలి ప్రోగ్రాము మనవారు వ్రాసినది. కాని దానిని మోయు మైక్రోకంట్రోలరు చిప్పు మాత్రము విదేశమునుండి కొని తెచ్చినది! ఓటును శంకించుట మా యుద్దేశము గాదు. మన ఓటుపెట్టె గుండెకాయను మనము చేసికొనలేకున్నామన్నదే మా వగపు.

యత్నములు జరుగకపోలేదు. మొహాలీలో ప్రభుత్వము పెట్టిన చిప్పుల కర్మాగారము 1984లో పని ప్రారంభించి, 1989లో అగ్నిప్రమాదమునకు పాలయ్యెను. అది తేరుకొనులోపల లోకము ఎన్నో మెట్లెక్కెను. ఇక మనకు దగ్గరి ముచ్చట. కల్వకుర్తి మీదుగా శ్రీశైలము రోడ్డున హైదరాబాదునకు పోవువారు తుక్కుగూడ దాపున ‘ఫ్యాబ్ సిటీ’ యన్న పేరు చూచియే యుందురు. 2006లో, ఏ.ఎం.డి. తోడ్పాటుతో సెమిండియా అను కంపెనీ అచ్చట చిప్పులు చేయునని చాటిరి. వేయి ఎకరములకు పైబడి భూమి చూపిరి. చిప్పు రాలేదు. సోలారు పలకలు వచ్చినవి, టెలివిజనుల బిగింపు వచ్చినది. పేరు మాత్రము నిలిచినది.

అదే నగరమున విదేశ కంపెనీల మేడలలో మన పిల్లలు చిప్పుల నమూనాలు గీయుచున్నారు. అవి ఎక్కువగా తైవానులో తయారై, సరుకుగా తిరిగి వచ్చును, మనము కొందుము. ప్రత్తిని ఓడ కెక్కించి గుడ్డను కొనిన మన తాతల బేరమునకును దీనికిని భేదమేమి? ఆనాడు ప్రత్తి పోయెను, ఈనాడు బుద్ధి పోవుచున్నది.

చిప్పు అన్న మాట విని మన ముసలివారు ‘చిప్పయా?’ యని నవ్వుదురు. నవ్వవలసినదే. 2021లో చిప్పులు దొరకక మారుతి కార్ల కర్మాగారములు ఉత్పత్తి తగ్గించుకొనిననాడు దేశము చేత నుండినది చిప్పయే గదా!

ఆ యేటి డిసెంబరున కేంద్రప్రభుత్వము 76,000 కోట్ల రూపాయల పథకమును ప్రకటించెను. 2024లో ధోలేరాలోని టాటావారి కర్మాగారమునకును, 2025 ఆగస్టున ఆంధ్రప్రదేశములో నొక చిప్పుల ప్యాకేజింగు కర్మాగారమునకును అనుమతి దొరకినది. సంతోషము. అయితే కర్మాగారము జిల్లాకొకటి రాదు, విద్య రావచ్చును. ఇంజనీరింగు పట్టా చేతికి వచ్చినను సోల్డరింగు కడ్డీ పట్టి యెరుగని యువకులను మేమెందరినో చూచితిమి. స్టార్టరు బోర్డు కాలినచో క్రొత్తది తెచ్చి బిగించువారే గాని, లోని చిప్పు నెరిగి మార్చువారరుదు. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతములలోని పాలిటెక్నిక్కులను, ఐ.టి.ఐ.లను నడుపు పెద్దలు రానున్న విద్యాసంవత్సరముననైనను, ఆ కాలిన బోర్డును విప్పి చూపు బల్ల నొకదానిని వేయింతురా?