రాజు పోయిండు, రాజధాని పెత్తనం పోలేదు

2008 మే 28 రాత్రి కాఠ్మండులో రాజ్యాంగ సభ 560 ఓట్లతో రాచరికాన్ని రద్దు చేసింది. వ్యతిరేకంగా పడ్డవి నాలుగే ఓట్లు. షా వంశపు గద్దె కూలింది. ఆ గెలుపుకు మేమూ సలాం చేస్తున్నాం. కానీ ఆ గద్దెను కూల్చిన కాలంలో గిరిజాప్రసాద్ కొయిరాలా మంత్రివర్గం తరాయి మైదానాల మధేశీ జనానికి ఇచ్చిన మాటలెన్ని? నిలబెట్టుకున్నవెన్ని? ఆ లెక్క కూడా తీయాలి.

2006 ఏప్రిల్‌లో 19 రోజుల జనాందోళన రాజు జ్ఞానేంద్ర మెడలు వంచింది. కొయిరాలా ప్రధాని అయ్యారు. తర్వాత దేశాధినేత పనులు కూడా ఆయన చేతికే వచ్చాయి. 2007 ఏప్రిల్ 1న ఐదుగురు మావోయిస్టులు మంత్రులయ్యారు. నిన్నటి దాకా తుపాకి పట్టినవాళ్లు, నిన్నటి దాకా వాళ్లను వేటాడినవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. రాజును సాగనంపే దగ్గర అందరిదీ ఒకే మాట. మరి మధేశ్ సంగతి?

2007 జనవరి 15న వచ్చిన మధ్యంతర రాజ్యాంగంలో ఫెడరల్ అన్న మాటే లేదు. దాని ప్రతులు తగలబెట్టిన ఉపేంద్ర యాదవ్‌ను, ఆయన సహచరులను అరెస్టు చేశారు. లహాన్‌లో రమేశ్ మహతో అనే విద్యార్థి తూటాకు బలయ్యాడు. తరాయి భగ్గుమన్నది. జనవరి 31న ప్రధాని మాట్లాడితే జనం నమ్మలేదు. ఫిబ్రవరి 7న మళ్లీ మాట్లాడి ఫెడరల్ వ్యవస్థకు ఒప్పుకున్నారు. ఆ ఒక్క మాట రాజ్యాంగంలోకి ఎక్కడానికి పదుల ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

ఆగస్టు 30న 22 అంశాల ఒప్పందం జరిగింది. సంతకాలయ్యాయి, ఫొటోలు దిగారు. అమలు మాత్రం అడుగున పడింది. డిసెంబరులో సొంత మంత్రి మహంత ఠాకూరే రాజీనామా చేసి బయటికి వచ్చారు. 2008 ఫిబ్రవరిలో తరాయి 16 రోజులు స్తంభించింది. ఇండియా నుంచి కాఠ్మండుకు పోయే పెట్రోలు ఆ దారినే పోవాలి. బంకులు ఎండిపోయాకే మంత్రివర్గానికి చెవులు వినబడ్డాయి. ఫిబ్రవరి 28న ఎనిమిది అంశాల ఒప్పందంలో స్వయంపాలిత మధేశ్ కోరికను అంగీకరించారు.

తేడా చూడండి. గణతంత్రం కోసం 2007 సెప్టెంబరులో మావోయిస్టులు మంత్రివర్గం వదిలితే డిసెంబరులోనే రాజ్యాంగ సవరణ జరిగిపోయింది. మధేశ్ విషయంలో మాత్రం ఒప్పందం మీద ఒప్పందం. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయి.

'ముందు రాజు సంగతి తేలనీ, ఎన్నికలు కానీ, రాష్ట్రాల ముచ్చట తర్వాత' అన్నారు అప్పటి పెద్దలు. ఆ తర్వాత ఎప్పుడొచ్చింది? 2012లో రాజ్యాంగం రాయకుండానే సభ రద్దయింది. 2015 సెప్టెంబరు 20న రాజ్యాంగం వస్తే మైదానాన్ని పలు ప్రాంతాలకు పంచారు. మధేశీలకు మిగిలింది ఎనిమిది జిల్లాల 'రెండో నంబరు' ప్రాంతం. ఆ ఏడు నిరసనల్లో నలభై మందికి పైగా చనిపోయారు. దానికి మధేశ్ అని పేరు పెట్టుకోవడానికి 2022 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. పేరుకే పదిహేనేండ్లు!

ఈ కథ మనకు కొత్తదా? 1956 పెద్దమనుషుల ఒప్పందం చూసినం. 1985 నాటి 610 జీవో చూసినం. 2009 డిసెంబర్ 9న ఇచ్చిన మాటను 23న మింగడమూ చూసినం. కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. అయినా విభజన చట్టం పదమూడో షెడ్యూలు తీసి చూడండి. ఖమ్మం ఉక్కు ఫ్యాక్టరీని 'పెడతాం' అని లేదు, సాధ్యాసాధ్యాలు 'పరిశీలిస్తాం' అని ఉన్నది. రైలు కోచ్ ఫ్యాక్టరీకీ అదే మాట.

అందుకే విద్యార్థులకూ ఉద్యోగులకూ మేము చెప్పేది ఒక్కటే. గద్దె మీద రాజున్నా మంత్రివర్గమున్నా, రాజధాని తనంత తాను దేన్నీ వదులుకోదు. ఒప్పందం చేతికొచ్చిన రోజు టెంట్లు పీకి ఇంటికి పోవద్దు. అందులో గడువున్నదా, గీసిన సరిహద్దున్నదా, 'చేస్తాం' అన్న మాటున్నదా చూడాలి. లేకుంటే అది ఒప్పందం కాదు, వాయిదా.